నీకు వినిపించిన చోటి నుంచి రాయి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. నీకు ప్రాణమైన బ్యాండ్ లైవ్ షోలు, నీలాంటి మరికొందరు అభిమానులు వాటి గురించి చెప్పుకున్న ముచ్చట్లు అన్నీ ఒకచోట చేర్చాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. ఫ్యాన్స్ రాసేది కూడా సాహిత్యమేనా అని చివర్లో బెరుగ్గా అడిగావు. ఆ బెరుకు ముందు వదిలెయ్యి. ఒక రాత్రి వేలమంది ఒకే పాటకు గొంతు కలిపారంటే అది రాయదగ్గ విషయమే. ఆ జనంలో నిలబడ్డవాళ్ళు రాయకపోతే ఇంకెవరూ రాయలేరు.

అయితే ఒక మాట. వ్యాసంలో నాకు బ్యాండ్ కనిపించింది, పాటల వరస కనిపించింది, నువ్వు కనిపించలేదు. ఏ పాట తర్వాత ఏది వచ్చిందో రాసుకుంటూ పోయి, ప్రతిదాని పక్కన "ఒళ్ళు గగుర్పొడిచింది", "మాటల్లో చెప్పలేను", "జన్మలో మరిచిపోలేను" అని పెట్టావు. నీకు నిజంగా అలాగే అనిపించి ఉంటుంది, నాకేం సందేహం లేదు. కానీ ఆ మాటలు ఏ షోకైనా సరిపోతాయి. ఆ రాత్రి రాకుండా ఇంట్లో కూర్చున్నవాళ్ళు కూడా వాటిని రాసెయ్యగలరు. సెట్‌లిస్ట్, అంటే ఆ రాత్రి పాటల జాబితా, అందరికీ దొరుకుతుంది, వీడియోలూ దొరుకుతాయి. వాటిలో దొరకనిది ఏమిటో వెతికి పట్టుకోవడమే నీ పని.

ఒక ఉదాహరణ చెబుతాను. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ వాయించినప్పుడు 55,600 మంది వచ్చారు. ఆ కేకల ముందు అప్పటి యాంప్లిఫయర్లు, స్టేడియం స్పీకర్లు ఏ మూలకూ చాలలేదు. స్టేజ్ మీదున్న నలుగురికే తాము వాయిస్తున్నది సరిగా వినిపించలేదు. తర్వాత ఆ షోను టీవీ కోసం సినిమాగా తెచ్చినప్పుడు, 1966 జనవరిలో స్టూడియోలో కూర్చుని కొన్ని భాగాలు మళ్ళీ పాడి, వాయించి అతికించారు. కాబట్టి ఆ చిత్రం ఎంత శ్రద్ధగా చూసినా, ఆ రోజు పై వరసల్లో కూర్చున్న ఓ పదిహేనేళ్ళ పిల్ల చెవికి చేరిందేమిటో మనకు తెలియదు. పాట వినిపించిందా, పక్కవాళ్ళ అరుపే వినిపించిందా, ఏ పాట పాడుతున్నారో పెదాలు చూసి పోల్చుకుందా? అది ఆ పిల్లే చెప్పాలి.

మరుసటి ఏడాది ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో వాళ్ళు టికెట్టు పెట్టి ఇచ్చిన చివరి కచేరీ జరిగింది. ఇదే ఆఖరిదని చూస్తున్నవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. బీటిల్స్‌లో ఒకరైన పాల్ మెకార్ట్‌నీ కోరితే వాళ్ళ ప్రెస్ ఆఫీసర్ టోనీ బారో చిన్న క్యాసెట్ రికార్డర్‌లో షోను రికార్డు చేశాడు. చివరి పాట పూర్తికాకముందే టేపు అయిపోయింది. ఆ తర్వాతి భాగం అక్కడున్నవాళ్ళ దగ్గరే మిగిలింది. ఇది చదివినప్పుడల్లా నాకు ఆ జనం మీద అసూయ కలుగుతుంది. వాళ్ళలో ఎంతమంది ఆ రాత్రే ఇంటికెళ్ళి నాలుగు వాక్యాలు రాసుకుని ఉంటారు?

అందుకని నువ్వు మొదట రాయాల్సింది ఎక్కడ నిలబడ్డావో. ఇది చిన్న విషయం కాదు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే ప్రయాణిస్తుంది. స్టేజ్‌కు వంద మీటర్ల వెనక నిలబడితే డ్రమ్మర్ చెయ్యి దిగడం ముందు కనిపిస్తుంది, దెబ్బ వినపడేది సెకనులో దాదాపు మూడో వంతు తర్వాత. అంత దూరంలో ఉన్నవాళ్ళు కొట్టే చప్పట్లు కూడా అంతే ఆలస్యంగా ముందుకు చేరతాయి. మొదటి వరసలో బారికేడ్ పట్టుకుని నిలబడినవాళ్ళకు ఇంకో రకం అనుభవం. పెద్ద స్పీకర్లు చాలాసార్లు వాళ్ళ తలల మీదుగా వెనక్కి మోగుతుంటాయి, గాయకుడి గొంతుకన్నా స్టేజ్ మీది డ్రమ్సే ముందు చెవికి తగులుతాయి, బేస్, అంటే బాగా కింది స్థాయి శబ్దం, అయితే చెవి కంటే ముందు ఛాతీకే తెలుస్తుంది. ఒకే షోలో ఇద్దరు స్నేహితులు రెండు వేరు వేరు కచేరీలు వింటారన్నమాట. నీ వ్యాసంలో ఒకరు "సౌండ్ అద్భుతం" అన్నారు, ఇంకొకరు "గొంతే వినపడలేదు" అన్నారు. నువ్వు రెండో మాట కొట్టేసినట్టున్నావు. కొట్టెయ్యకు. ఎవరెవరు ఎక్కడున్నారో అడిగితే ఆ తగాదాలోంచే నీకు మంచి పేజీ వస్తుంది.

ఇప్పుడు నీ వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం దగ్గరికి వస్తాను. "పాట మధ్యలో ఆయన చెవిలో ఉన్నది లాగేశాడు" అని రాసి, వెంటనే తర్వాతి పాటలోకి వెళ్ళిపోయావు. అక్కడ ఎందుకు ఆగలేదమ్మా? ఈ రోజుల్లో స్టేజ్ మీద చాలామంది ఇన్-ఇయర్ మానిటర్లు, అంటే చెవిలో ఇమిడే చిన్న స్పీకర్లు, పెట్టుకుంటారు. తమ గొంతు, తోటివాళ్ళ వాయిద్యాలు వాటిలో స్పష్టంగా వినిపిస్తాయి. బదులుగా బయటి శబ్దం చాలావరకు ఆగిపోతుంది. ఎదురుగా అన్ని వేలమంది గొంతెత్తి పాడుతున్నా పాడేవాడికి అది దూరంగా ఎక్కడో ఉన్నట్టే ఉంటుంది. అందుకే జనం తన పాట అందుకున్నప్పుడు గాయకుడు ఒక చెవిలోది తీసేస్తాడు, మిమ్మల్ని వినడానికి. ఆ క్షణంలో అప్పటిదాకా విన్నవాళ్ళు మీరు, ఇక వింటున్నది ఆయన. నీ వ్యాసమంతా అక్కడ మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఆయన తల ఎటు తిరిగింది, గిటార్ ఆపాడా, నీ పక్కవాళ్ళు గమనించారా, గమనించాక ఇంకా గట్టిగా పాడారా? ఇవి రాయి. ఒళ్ళు గగుర్పొడిచిందని వేరే చెప్పక్కర్లేదు, చదివేవాళ్ళకే గగుర్పొడుస్తుంది.

పాటల వరస పాటించాలన్న నియమం ఏమీ లేదు. పన్నెండో పాట దగ్గర నీ గుండె కదిలితే మిగతా పదకొండూ ఒక్క వాక్యంలో పోనియ్యి. ప్రయాణం, ట్రాఫిక్, పార్కింగ్ నాకు అక్కర్లేదు. కానీ బయట క్యూలో పొద్దుటి నుంచి కూర్చున్న గంటలు కావాలి. ఎవరు ముందొచ్చారో మర్చిపోకుండా చేతుల మీద మార్కర్‌తో నంబర్లు వేసుకోవడం, ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒకరి చోటు ఒకరు కాయడం, షోకు ముందు మైకులు, వాయిద్యాలు సరిచూసుకునే సౌండ్ చెక్ లోపల మొదలవగానే ఏ పాటో పోల్చుకోవడానికి అందరూ ఒక్కసారి నోళ్ళు మూసుకోవడం, ఇవి అభిమానులకే తెలిసిన సంగతులు. సమీక్ష రాసే విలేకరి అప్పటికింకా రాడు.

జ్ఞాపకం గురించి కాస్త వివరంగా చెప్పాలి. షో అయ్యాక చెవులు గుయ్‌మంటుండగానే రాసుకో. ఎవరి వీడియో చూడకముందు, ఎవరితోనూ కబుర్లలో పడకముందు. వీడియో చూశాక నీకు గుర్తుండేది ఆ కెమెరా కోణమే. నువ్వు ఎడమవైపు నుంచి చూసిన మనిషి మధ్యలోంచి చూసినట్టు గుర్తుకొస్తాడు. రాసుకున్నాక ఎన్ని వీడియోలైనా చూడు. వాటితో నీ మొదటి రాతను దిద్దకు, పక్కన రాసుకో. "రెండో పాట అనుకున్నాను, నిజానికి నాలుగోది" అని చెప్పడంలో తప్పేమీ లేదు. అది రెండోదిగా ఎందుకు గుర్తుండిపోయిందన్నది కూడా ఒక కథే.

ఇతరుల జ్ఞాపకాలు సేకరించేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. 1976 జూన్ 4న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో, లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ బ్యాండ్ వాయించినప్పుడు ఉన్నది దాదాపు నలభై మంది. వాళ్ళలో కొందరు తర్వాత సొంత బ్యాండ్లు పెట్టి పేరు తెచ్చుకున్నారు, దాంతో ఆ రాత్రి చరిత్రకెక్కింది. అక్కడ ఉన్నామని చెప్పుకునేవాళ్ళ సంఖ్య మాత్రం ఏళ్ళ తరబడి ఎన్నో రెట్లు పెరుగుతూ పోయింది. వాళ్ళందరినీ అబద్ధాలకోరులని అనను. అదే బ్యాండ్ అదే హాల్లో జూలై 20న మళ్ళీ వాయించింది, ఆ షోకు ఇంకా చాలామంది వచ్చారు. కాలం గడిచాక ఆ రెండు రాత్రులూ ఒక్కటైపోవడం ఆశ్చర్యం కాదు. ప్రాణంగా ప్రేమించే బ్యాండ్ కథ వందసార్లు విన్నవాళ్ళకు తామూ అక్కడున్నట్టే అనిపిస్తుంది. అదీ ప్రేమే. కానీ నువ్వు రాసేటప్పుడు టికెట్ ముక్క ఉందా, ఎవరితో వెళ్ళారు, ఆ రోజు ముందు ఏ బ్యాండ్ వాయించింది అని మెల్లగా అడుగు. నిలదీసినట్టు అడగకు.

రికార్డింగ్ ఉంది కదా అని దాన్నీ గుడ్డిగా నమ్మకు. మాంచెస్టర్‌లో అదే భవనంలోని పెద్ద హాల్లో 1966 మే 17న అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్‌తో పాడుతుంటే, పాత జానపద పద్ధతి వదిలేశాడన్న కోపంతో జనంలోంచి ఒకరు "జూడాస్!" అని, అంటే ఏసును పట్టించిన ద్రోహి పేరు పెట్టి, అరిచారు. ఆ షో దొంగ రికార్డింగ్ ఏళ్ళ తరబడి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌ది అన్న పేరుతో చేతులు మారింది. 1998లో అధికారికంగా విడుదల చేసినప్పుడు కూడా, అందరికీ అలవాటైన ఆ తప్పు పేరును కొటేషన్ మార్కుల మధ్య అలాగే ఉంచారు. అరిచింది నేనేనని ఒకరికంటే ఎక్కువమంది చెప్పుకున్నారు. ఇలాంటి చోట తీర్పు చెప్పాలని తొందరపడకు. ఎవరు ఏం చెప్పారో, ఎక్కడ కూర్చున్నామన్నారో రాసి, తేలనిది తేలలేదని వదిలెయ్యి.

అభిమానులు ఒకరికొకరు ఎంత ఇవ్వగలరో తెలియాలంటే అమెరికన్ రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ కథ చూడు. తమ షోలను ప్రేక్షకులు రికార్డు చేసుకుంటే ఆ బ్యాండ్ అడ్డుచెప్పలేదు. 1984 నుంచి టేపులు పట్టేవాళ్ళకు హాల్లో ప్రత్యేకంగా చోటు కూడా ఇచ్చింది. డబ్బు తీసుకోకుండా టేపుకు టేపు ఇచ్చిపుచ్చుకోవడం వాళ్ళలో మర్యాద. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్లో జరిగిన షో అన్నిటికన్నా గొప్పదా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ రికార్డింగ్ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే జాబితాలో కూడా చేరింది. అయితే అక్కడున్నవాళ్ళను కదిపితే పాటలతోపాటు ఇంకోటి చెబుతారు. షో అయ్యాక బయటికొస్తే మే నెలలో మంచు పడుతోందట. టేపులో మంచు లేదు. నీ మనుషుల దగ్గర కూడా అలాంటివి ఉంటాయి. "షో ఎలా ఉంది?" అని అడిగితే "సూపర్" అనే చెబుతారు. "బయటికొచ్చాక ముందు ఏం చేశారు?" అని అడిగి చూడు.

ఇంకో సంగతి. గాయకుడి గొంతు పోయిన రాత్రి గురించి రాస్తే బ్యాండ్ పరువు పోతుందేమో, మిగతా ఫ్యాన్స్ కోప్పడతారేమో అని నీకు టెన్షన్. రాయి. పైస్థాయి అందక ఆయన మైకు జనం వైపు తిప్పాడని నువ్వే అన్నావు, జనం ఆ చరణం పూర్తిచేశారని కూడా అన్నావు. నీ బ్యాండ్ మీద నాకు గౌరవం కలిగింది అక్కడే. అన్ని షోలూ అద్భుతమే అని రాస్తే చదివేవాళ్ళు దేన్నీ నమ్మరు. గొంతు బాగా లేని రాత్రిని ఉన్నదున్నట్టు చెబితే, గొప్ప రాత్రి గురించి చెప్పినప్పుడు నీ మాటకు విలువుంటుంది. వెక్కిరింపు మాత్రం వద్దు, నీలో అది లేదు కూడా.

పక్కన నిలబడి ఏడ్చిన ఆ అపరిచితుడి గురించి రాసేటప్పుడు ఆయన్ని ఎవరూ గుర్తుపట్టకుండా రాయి. చొక్కా మీద పేరు, ఉద్యోగం లాంటివి తీసెయ్యి. ఏడ్చిన పాట ఏదో ఉంచు.

చివరగా, టికెట్ దొరక్క స్టేడియం గోడ బయట నిలబడి షో మొత్తం విన్న ఒకావిడను నువ్వు అర వాక్యంలో ముగించేశావు. ఆవిడ దగ్గరికి మళ్ళీ వెళ్ళు. గోడ దాటి బేస్ ముందు వస్తుంది, మాటలు చెదిరిపోతాయి. ఏ పాటను దేన్నిబట్టి గుర్తుపట్టిందో అడుగు, ఆమెతోపాటు బయట ఇంకెవరున్నారో అడుగు, అయిపోయాక లోపలివాళ్ళు బయటికొస్తుంటే అక్కడే ఉందా వెళ్ళిపోయిందా కనుక్కో. ఆవిడ చెప్పింది చెప్పినట్టు, సవరించకుండా నాకు పంపు. వ్యాసంలో ఎక్కడ పెట్టాలో అది చదివాక ఇద్దరం మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి