పాత ఇంటి చిమ్నీ రిపేరుకు ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: ఆరేళ్లుగా ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నాం. పోయినేడు వందేళ్లు దాటిన టెర్రస్ ఇల్లు (పక్కిళ్లతో గోడలు కలిసి వరుసగా ఉండేది) కొన్నాం. గ్యాస్ హీటింగ్‌తో పాటు హాల్లో పాత కట్టెల స్టవ్ ఉంది. దాని చిమ్నీ పైన మా మూడేళ్ల పాప పడుకునే గది గోడలోంచి వెళ్తుంది. చిమ్నీ శుభ్రం చేయడానికి వచ్చినాయన లోపల పొగ వెళ్లే స్టీల్ గొట్టానికి (లైనర్‌కు) చిల్లులు పడ్డాయని, ఇక వెలిగించొద్దని చెప్పారు. స్టవ్, లైనర్ రెండూ మార్చడానికి ఒక కంపెనీ 4,600 పౌండ్లు అడిగింది. తెలిసిన బిల్డర్ క్యాష్ ఇస్తే 2,300కే చేస్తానంటున్నాడు. సేవింగ్స్ 6,000 పౌండ్లు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎనిమిది నెలల కిందట వేసిన 10 లక్షల ఎన్ఆర్ఈ (విదేశాల్లో ఉండేవారి ఖాతా) ఎఫ్‌డీ ఉంది. జనవరిలో మా ఆవిడకు డెలివరీ. ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా? బిల్డర్‌తో కానిచ్చేయాలా?

జవాబు: రెండూ వద్దు. ఈ చలికాలం స్టవ్ వెలిగించకుండా గడిపేయండి. ఇల్లు వెచ్చగా ఉంచడానికి గ్యాస్ ఉంది కాబట్టి తొందరేమీ లేదు.

ముందు పాప గది సంగతి. చిల్లు పడిన లైనర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ పాత ఇటుకల సందుల్లోంచి ఆ గదిలోకి చేరవచ్చు. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లకు తెలియనే తెలియదు. అందుకే ‘ఒక్కసారి వెలిగిస్తే ఏమవుతుందిలే’ అనే మాట మీ ఇంట్లో వినపడకూడదు. గ్యాస్ బాయిలర్ కూడా ఉంది కనుక కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఇవాళే కొనండి.

ఇక డబ్బు. ఎన్ఆర్ఈ ఎఫ్‌డీని ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ రూపాయి కూడా రాదు. ఎనిమిది నెలలు ఆగినవారు ఇంకో నాలుగు నెలలు ఆగండి. ఏడాది దాటాక, గడువుకు ముందే తీస్తే పెనాల్టీ ఎంతో బ్యాంకును అడిగి, కావలసినంత తెచ్చుకుని మిగతాది మళ్లీ వేసుకోవచ్చు. ఎన్ఆర్ఈ డబ్బు బయటికి తీసుకెళ్లడానికి పరిమితి లేదు. ఆ వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా, యూకేలో మాత్రం అది మీ పన్ను లెక్కలోకి వస్తుంది.

6,000 పౌండ్లను స్టవ్ డబ్బుగా చూడకండి. చట్టప్రకారం వచ్చే మెటర్నిటీ పే మొదటి ఆరు వారాలు జీతంలో 90 శాతం, ఆ తర్వాత 33 వారాలు చాలా తక్కువ. మీ ఆవిడ కంపెనీ అంతకన్నా ఎక్కువ ఇస్తుందేమో కనుక్కోండి. ఏదేమైనా ఆ నెలలు గడవాల్సింది ఈ సేవింగ్స్ మీదే.

బిల్డర్ ఆఫర్ చవకగా కనిపిస్తోంది కానీ, నా లెక్కలో అదే ఖరీదైనది. ఇంగ్లండ్‌లో ఈ పని హెటాస్ వంటి గుర్తింపు పథకంలో నమోదైనవాళ్లు చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదంటే స్థానిక కౌన్సిల్‌లో ఇళ్ల పనులు తనిఖీ చేసే బిల్డింగ్ కంట్రోల్‌కు ముందే చెప్పి తనిఖీ చేయించుకోవాలి. ఆ కాగితం లేకపోతే రేపు మంటలంటుకున్నప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్‌ దగ్గర పేచీ పెట్టవచ్చు. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి సొలిసిటర్ (లాయర్) అడిగే కాగితాల్లో అదీ ఒకటి. పైగా క్యాష్ ఇచ్చాక పని చెడితే పట్టుకోవడానికి మీ చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

అదే రిజిస్టరైన కంపెనీకి అడ్వాన్స్ క్రెడిట్ కార్డుతో కడితే, 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టంలోని 75వ సెక్షన్ మీకు అండ. 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉన్న కొనుగోలులో కంపెనీ మూతపడినా, పని సరిగా చేయకపోయినా కార్డు సంస్థ కూడా బాధ్యత వహించాలి. అడ్వాన్స్ మాత్రమే కార్డు మీద కట్టినా మొత్తం ఒప్పందానికి ఇది వర్తిస్తుంది. కార్డు బిల్లు మాత్రం ఆ నెలలోనే పూర్తిగా తీర్చేయండి.

స్టవ్ ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర కొని, బిగింపు ఇంకొకరితో చేయించాలని కూడా అనిపించవచ్చు. తేడా వస్తే ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. మొత్తం ఒకే చోట ఇవ్వండి. ఇప్పుడు స్టవ్ మాత్రమే మార్చి లైనర్ తర్వాత చూద్దామనుకోకండి, స్కాఫోల్డింగ్ ఖర్చు రెండుసార్లు పడుతుంది. డబ్బు మిగల్చాలంటే ఖరీదైన మోడల్ బదులు సాదా స్టవ్ తీసుకోండి. లైనర్ దగ్గర మాత్రం రాజీ పడొద్దు. కట్టెలకు 316 గ్రేడ్ స్టీల్ సరిపోతుంది. పొగలేని బొగ్గు కూడా కాలుస్తామంటే 904 గ్రేడ్ అడగాలి. మీ వీధి స్మోక్ కంట్రోల్ ఏరియాలో (పొగపై ఆంక్షలున్న ప్రాంతంలో) ఉంటే డెఫ్రా (పర్యావరణ శాఖ) అనుమతి ఉన్న స్టవ్ కావాలి, లేకుండా పొగ వదిలితే 300 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు.

పాత ఇంట్లో గోడ తెరిచాక విరిగిన ఇటుకలు, ఆస్బెస్టాస్ రేకు ఏదైనా బయటపడవచ్చు. అందుకని కొటేషన్ మీద మరో 700 పౌండ్లు పక్కన పెట్టండి. ఆ డబ్బు కూడినాకే ఆర్డర్ ఇవ్వండి.

ఇంకో మాట. గ్యాస్ ఉన్న ఇంట్లో కట్టెలు కొని కాల్చడం వల్ల ఖర్చు తగ్గుతుందని నేననుకోను. వారానికి రెండు సాయంత్రాల వెచ్చదనం కోసమే అయితే, ఆ చిమ్నీకి గాలి ఆడేలా మూత పెట్టించి వదిలేయడం కూడా మంచి నిర్ణయమే. డెలివరీ అయ్యాక ఇద్దరూ కూర్చుని ఆలోచించుకోండి. మార్పించాలనే అనుకుంటే వేసవిలో కనీసం ముగ్గురిని ఇంటికి పిలిచి చూపించి, రాతపూర్వకంగా కొటేషన్లు తీసుకోండి. చలి మొదలయ్యాక ఈ పనివాళ్లు దొరకడం కష్టం.