ఫ్లాట్ పైకప్పు కురుస్తోందా? టెర్రస్ పగలగొట్టే ముందు తేదీలు చూసుకోండి

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లోని అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. పై అంతస్తు ఫ్లాట్ మాది. బిల్డర్ 2021 డిసెంబరు 12న తాళాలు ఇచ్చారు. రిజిస్ట్రేషన్ 2022 మార్చిలో అయింది. 2023 జూలై నుంచి వాన పడితే మా అమ్మ గది శ్లాబు కురుస్తోంది. గోడలు నెమ్ము పట్టాయి, పైనుంచి పెచ్చులు ఊడుతున్నాయి. ఆమెకు ఆయాసం. బిల్డర్ నాన్నగారి స్నేహితుడి కొడుకు కావడంతో మొహమాటపడి నోటీసు ఇవ్వలేదు. వాట్సాప్‌లోనే చెబుతూ వచ్చాం. ఒకసారి మేస్త్రీని పంపి సిమెంటు పాలు పోయించారు, అంతే. ఇప్పుడేమో 2024 బుడమేరు వరదల వల్ల శ్లాబు పాడైందని, అగ్రిమెంటులో ఏడాది వారంటీయే ఉందని అంటున్నారు. అసోసియేషన్ డబ్బు లేదంటోంది. టెర్రస్ పైన మా సోలార్ హీటర్ ఉంది. దాన్ని తీయించి, పైపొర మొత్తం పగలగొట్టి కొత్తగా వాటర్‌ప్రూఫింగ్ చేస్తామని ఒకరు లక్షా ఎనభై వేలు అడిగారు. ముందు పని చేయించేసి, ఆ డబ్బు బిల్డర్ దగ్గర రాబట్టుకోవచ్చా? ఇంకా ఆలస్యమైతే నెలనెలా కట్టే మెయింటెనెన్స్ ఆపేద్దామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలో మీ కేసును తేల్చేది ఒకే ఒక్క వాక్యం: 2021 డిసెంబరు 12న తాళాలు ఇచ్చారు. రియల్ ఎస్టేట్ (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016లోని సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాట్ స్వాధీనం చేసిన రోజు నుంచి అయిదేళ్లలోపు నిర్మాణ లోపాన్ని గానీ పనితనంలో లోపాన్ని గానీ బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయడం ఆయన బాధ్యత. చేయకపోతే మీకు నష్టపరిహారం వస్తుంది. లెక్క తాళాలు ఇచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. చాలామంది రిజిస్ట్రేషన్ తేదీ నుంచి లెక్కేసుకుని మూణ్నాలుగు నెలలు అదనంగా ఉన్నాయనుకుంటారు. మీకు 2026 డిసెంబరు 11తో అయిదేళ్లు నిండుతాయి. 2027 మార్చి దాకా సమయం ఉందనుకుంటే మునిగిపోతారు.

ఏడాది వారంటీ అన్న షరతుకు భయపడకండి. చట్టం కొనుగోలుదారుడికిచ్చిన అయిదేళ్లను అగ్రిమెంటులో ఒక వాక్యం రాసి కుదించలేరు. పైగా ఈ చట్టానికి విరుద్ధంగా ఉన్న వాటి మీద దీనిదే పైచేయి అని సెక్షన్ 89 చెబుతోంది.

మూడేళ్లుగా ఇల్లు కురుస్తుంటే ఒక్క కాగితం కూడా రాయలేదా? స్నేహం స్నేహమే, నోటీసు నోటీసే. పోస్టాఫీసులో యాభై, వంద రూపాయలతో అయ్యే పని చేసి ఉంటే ఈ రోజు ఇంత ఆందోళన ఉండేది కాదు. అయినా పూర్తిగా చెడిపోలేదు. బిల్డర్ ‘దృష్టికి తేవాలి’ అని మాత్రమే చట్టం అంటోంది. ఎలా తేవాలో చెప్పలేదు. 2023లో మీరు పంపిన వాట్సాప్ సందేశం, దానికి ఆయన ‘మేస్త్రీని పంపుతా’ అని ఇచ్చిన జవాబు, తర్వాత మేస్త్రీ నిజంగా రావడం – ఈ మూడూ కలిస్తే గట్టి సాక్ష్యం. సిమెంటు పాలు పోయించడం అంటే లోపం ఉందని ఆయనే ఒప్పుకోవడం. అందుకే ఆ ఫోను మార్చకండి, చాట్ చెరిపేయకండి. స్క్రీన్‌షాట్లు చాలవు. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి, ఫొటోల అసలు ఫైళ్లతో కలిపి వేరే చోట భద్రపరచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం దాఖలు చేయాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ధ్రువపత్రం అవసరం. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి.

బుడమేరు వాదన విందాం. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరద కింద నుంచి వచ్చింది. సెల్లారునూ, కింది అంతస్తునూ ముంచింది. అయిదో అంతస్తు శ్లాబుకు ఆ నీటితో సంబంధం లేదు. ఆ రోజుల్లో కుండపోత వాన కురిసిన మాట నిజమే, కానీ వానకు నిలబడటానికే కదా పైకప్పు. వీటన్నిటికంటే బలమైన జవాబు మీ 2023 జూలై ఫొటోలోని తేదీ. వరదకు ఏడాది ముందే గది కురిసిందని అది చెబుతుంది.

మీరు మాటవరసకు రాసిన సోలార్ హీటర్ దగ్గరే నాకు భయం. దాని స్టాండును బోల్టులతో శ్లాబుకు బిగించి ఉంటే, డ్రిల్లింగు వాటర్‌ప్రూఫ్ పొరను చీల్చి ఉండవచ్చు. బిల్డర్ లాయరు మొట్టమొదట పట్టుకునేది దాన్నే. ఇప్పుడు టెర్రస్ పగలగొట్టిస్తే బోల్టు రంధ్రాల వల్ల నీరు దిగిందా, పిట్టగోడ, శ్లాబు కలిసే మూల వల్లనా, నీరు తూముల వైపు జారే వాటం సరిగా లేకనా అని చెప్పగలిగే ఆనవాలు పార గంపలో చెత్తగా వెళ్లిపోతుంది. లక్షా ఎనభై వేలు పోవడం ఒక్కటే కాదు, కేసు కూడా పోతుంది. ఆ పని ఇప్పుడు ససేమిరా చేయించకండి. పైగా టెర్రస్ చట్టప్రకారం ఉమ్మడి స్థలం, అసోసియేషన్ తీర్మానం లేకుండా పగలగొట్టే హక్కు మీకు లేదు. మెయింటెనెన్స్ ఆపడం కూడా తప్పే. బిల్డర్ తప్పుకు అసోసియేషన్‌తో గొడవ తెచ్చుకుని, రేపు ఫిర్యాదులో పక్కన నిలబడాల్సినవాళ్లను దూరం చేసుకుంటారు.

పగలగొట్టే మాట కంటే ముందు చేయాల్సింది పరీక్ష. లైసెన్సున్న సివిల్ ఇంజనీరును పెట్టుకోండి. పరీక్ష తేదీ, సమయం రాసి బిల్డర్‌కు ముందే కబురు పంపండి. రాకపోతే ఆయనిష్టం, కానీ తన పరోక్షంలో చేశారన్న మాట మాత్రం రాకూడదు. వాన లేని రోజులు చూసుకుని, నీళ్లు పోయే తూములు మూసి, టెర్రస్ మీద 25 నుంచి 50 మిల్లీమీటర్ల నీరు నిలబెట్టాలి. 50 మిల్లీమీటర్ల నీరంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు. మనుషులు తిరిగే పైకప్పులను సాధారణంగా 150 కిలోలకు డిజైన్ చేస్తారు. పగుళ్లు, ఇనుము బయటపడ్డ చోట్లు ఉంటే మాత్రం ఇంజనీరు చూసి సరేనన్నాకే నీరు పోయాలి. కనీసం 48 గంటలు ఉంచాలి. ముందుగా సోలార్ స్టాండు చుట్టూ ఇటుకలతో కట్ట వేసి అక్కడ విడిగా, తర్వాత పిట్టగోడ వెంట, ఆ తర్వాత పైపు దిగే చోట విడిగా పరీక్షించాలి. కింద గది పైకప్పుపై తడి మొదలైన చోటునూ, గంటనూ రాసుకోవాలి. స్టాండు దగ్గర నీరు నిలిపినప్పుడు గది పొడిగానే ఉండి, పిట్టగోడ మూలలో నిలిపినప్పుడు చుక్క పడితే ఇక బిల్డర్‌కు మాట ఉండదు. నీటి వాటం ఎంత ఉందో కూడా రిపోర్టులో రాయించండి. నూరు సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు వాలు కంటే తక్కువుంటే నీరు నిలిచిపోతుంది.

అమ్మగారి గదిలో పెచ్చులు ఊడే చోట మంచం జరిపేయండి. ఆ గది లైట్, ఫ్యాన్లకు కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చు ఆపేసి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, తడి శ్లాబులో వైరింగు ప్రమాదం. ఇప్పటికే వేలాడుతున్న పెచ్చులను ఫొటో తీశాక రాల్చేయవచ్చు. లోపల ఇనుము తుప్పు పట్టి ఉంటే దాన్నీ ఫొటో తీయండి. పైన మందపాటి టార్పాలిన్ పరచడం, తూముల్లో చెత్త తీయడం తప్ప మరమ్మతు ఏదీ వద్దు.

ఈ వారంలోనే నోటీసు వెళ్లాలి. ఫ్లాట్ నంబరు, స్వాధీనం తేదీ, మొదటిసారి కురిసిన తేదీ, మేస్త్రీ వచ్చిన తేదీ, లోపాల జాబితా, సెక్షన్ 14(3), 30 రోజుల గడువు – ఇవన్నీ ఉండాలి. ఇంజనీరు రిపోర్టు కోసం నోటీసును ఆపకండి, రిపోర్టు వెనకాల పంపవచ్చు. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి డెలివరీ రుజువుతో స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచండి. ఈమెయిలు, వాట్సాప్‌లలో కూడా పంపండి. ఆయన ‘యాభై వేలు తీసుకుని ఇక బాకీ లేదని సంతకం పెట్టు’ అంటే పెట్టకండి.

ముప్పై రోజులు గడిచినా కదలకపోతే ఆంధ్రప్రదేశ్ రెరాలో (ఇదే చట్టం కింద ఏర్పడిన రియల్ ఎస్టేట్ నియంత్రణ అథారిటీలో) సెక్షన్ 31 కింద ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. మరమ్మతు చేయించమని అథారిటీని, నష్టపరిహారం కోసం దాన్ని తేల్చే అధికారి అయిన అడ్జుడికేటింగ్ ఆఫీసరును అడగాలి. అసోసియేషన్ కూడా ఫిర్యాదు చేయవచ్చు, అందుకు తీర్మానం చేయించండి. నష్టపరిహారం ఆదేశం వచ్చాక బిల్డర్ చెల్లించకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేసే వీలుంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి కూడా ఉండేది కానీ దానికి గడువు రెండేళ్లే. మొదట కురిసింది 2023 జూలై కాబట్టి ఆలస్యానికి సాకు చూపి బతిమాలుకోవాల్సిన స్థితిలో ఉన్నారు. రెరా దారే పట్టండి.

ఫిర్యాదుకు అగ్రిమెంటు, బ్రోషర్, పొసెషన్ లెటర్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ నకళ్లు కావాలి. పొసెషన్ లెటర్ దొరకకపోతే ఆ డిసెంబరు నెల కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ మొదటి రసీదు వెతికి పెట్టుకోండి.