పాత కరపత్రం ఉండగా కొత్తది ఎందుకు చేయిస్తున్నారంటే
రక్తదాన శిబిరానికి పోయినేడాది కరపత్రం ఉన్నా మా సంఘం వాళ్లు ఏటా కొత్తగా టైపు చేయిస్తున్నారని రాశారు కదండీ. వాళ్లను బద్ధకస్తులనుకోకండి. వాట్సాప్‌లో మిగిలేది జేపీజీ బొమ్మ ఒక్కటే, అందులో అక్షరాలు మార్చడం కుదరదు. అసలు ఫైలు డీటీపీ సెంటర్‌లో, పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో ఉంటుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. పైగా అందులోని నియమాలు ఎవరు సరిచూశారో తెలీదు. మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజుల విరామం అని ఉందా, లేదా? అనుమానంతో మొదటికొస్తారు.

ఈసారి యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల్లో, కొట్టించండి. తేదీ, చోటు, స్పాన్సర్ల పేర్లు ఖాళీగా వదిలేసి, సంఘం పేరు మీద తీసిన జీమెయిల్ డ్రైవ్‌లో పెట్టండి. కార్యదర్శి సొంత మెయిల్‌లో వద్దు, పదవి మారితే ఫైలూ పోతుంది. నియమాలు ఎవరు, ఎప్పుడు చూశారో పైన రాయండి. దాతల ఫారం మాత్రం మీరు చేయించకండి, బ్లడ్ బ్యాంకు వాళ్లనే అడగండి.