హైదరాబాద్ నుంచి అనంతపురం వస్తున్నాం, పిల్లల స్కూలు సంగతేంటి?

ప్రశ్న: మా వారు ప్రభుత్వ బ్యాంకులో చేస్తారు. అనంతపురం ట్రాన్స్‌ఫర్ అయింది. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగో తరగతి. ఇద్దరూ హైదరాబాద్‌లో సీబీఎస్‌ఈ. జూన్‌కల్లా రావాలి. మంచి స్కూళ్లలో సీట్లు అప్పుడే అయిపోయాయని అంటున్నారు. అనంతపురంలో ఏముంటుంది, పాపను ఇక్కడే ఐఐటీ ఫౌండేషన్ ఉన్న హాస్టల్ స్కూల్లో వేసి బాబును మాత్రం తీసుకెళ్దామని మా వారు అంటున్నారు. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. సీబీఎస్‌ఈలో ఉంచాలా, స్టేట్ సిలబస్‌కి మార్చాలా? ముందు ఇల్లు చూసుకోవాలా, స్కూలు చూసుకోవాలా?

జవాబు: అమ్మా, ముందు ఆ సీట్ల టెన్షన్ తీసేయండి. అనంతపురంలో ప్రైవేటు స్కూళ్లు ఐదో తరగతికైనా తొమ్మిదో తరగతికైనా జూన్ 12న బడులు తెరిచాక కూడా పిల్లల్ని చేర్చుకుంటూనే ఉంటాయి. ‘ఇంక రెండే సీట్లున్నాయి మేడం’ అని ఫోన్లో చెప్తారు చూడండి, ఆ రెండు సీట్లు సంక్రాంతి నుంచీ అట్లే ఉంటాయి. నిజంగా సీటు దొరకని చోటు ఒకటుంది, అది కేంద్రీయ విద్యాలయం. మీ వారిది బదిలీలుండే ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగం కాబట్టి వరుసలో మీరు కాస్త ముందే ఉంటారు, కానీ ఒకటో తరగతి దాటాక ఖాళీ ఉంటేనే తీసుకుంటారు. తొమ్మిదో తరగతికైతే రాతపరీక్ష కూడా ఉంటుంది. దరఖాస్తు పెట్టండి, దాని మీదే ఆశ పెట్టుకోకండి.

మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం సీట్లు కాదని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. ‘అనంతపురంలో ఏముంటుంది’ అన్న ఆ ఒక్క మాటలో ఉంది మీ భయమంతా. పెద్ద ఊరు నుంచి చిన్న ఊరికొస్తే పిల్లలు వెనకబడిపోతారని. ట్రాన్స్‌ఫర్ మీద వచ్చే ప్రతి కుటుంబమూ ఈ మాటే పట్టుకొస్తుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ, అది ఒప్పుకుంటాను. చదువుకి మాత్రం ఈ ఊళ్లో ఏ లోటూ లేదు. జేఎన్‌టీయూ ఉంది, ఎస్కే యూనివర్సిటీ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ వచ్చింది. అయినా తొమ్మిదో తరగతి పిల్లకి ఇప్పుడు యూనివర్సిటీతో పనేముంది? లెక్కలు ఓపిగ్గా చెప్పే టీచరు, సాయంత్రం ఆడుకోవడానికి ఇంత ఖాళీ జాగా ఉంటే చాలు. చాలా స్కూళ్లలో ఇక్కడి టీచర్లు ఈ ఊరివాళ్లే. ఏడాదికో స్కూలు మారే అలవాటు తక్కువ.

ఇప్పుడు మీ వారి ఆలోచన సంగతి. కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి.

పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్లని, ఇంట్లో వాళ్లంతా ఊరు మారుతున్న సమయంలోనే, ఒక్కదాన్ని హాస్టల్లో వదిలేయడం ఏంటండీ? తమ్ముడు అమ్మానాన్నల దగ్గర, తను అక్కడ. ఆ పిల్ల దీన్ని ఫౌండేషన్ అనుకోదు, నన్ను వదిలేసి వెళ్లారు అనుకుంటుంది. పైగా ఆమెను అడిగారా? మీ ఉత్తరంలో మీ వారి అభిప్రాయముంది, మీ భయముంది. పాప ఏమందో ఎక్కడా లేదు.

ఫౌండేషన్ కోర్సుల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. అందరూ చేర్పిస్తున్నారు కాబట్టి ఇది నచ్చదని చెప్పేవాళ్లం తగ్గిపోయాం. ఏడో తరగతి పిల్లకి తొమ్మిదో తరగతి లెక్కలు, తొమ్మిదో తరగతి పిల్లకి ఇంటర్ ఫిజిక్స్ చెప్తారు. సూత్రం ముందు వస్తుంది, అర్థం ఎప్పుడో వస్తుందనుకుంటారు, రాదు. నా దగ్గరికి వచ్చే ఇలాంటి పిల్లల్ని చిన్న ప్రశ్నలే అడుగుతుంటాను. భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని ఎందుకు తలకిందులు చేస్తాం అని అడిగితే చకచకా చేసి చూపిస్తారు, ఎందుకో మాత్రం చెప్పలేరు. అదే పిల్లలు వేగం, కాలం లెక్కలు నోటితో చేసేస్తారు. పునాది పేరుతో పైకప్పు వేసుకుంటూ పోతున్నారన్నమాట. ఇష్టం ఉన్న పిల్లలు కొందరుంటారు, కఠినమైన లెక్క ఇస్తే తిండి మానేసి కూర్చునేవాళ్లు. వాళ్లకి ఏ కోర్సూ చెడు చేయదు, ఏ కోర్సూ లేకపోయినా నష్టం లేదు. మీ పాప అలాంటిదైతే మీరు ఉత్తరంలో ఆ సంగతే ముందు రాసేవారు.

ఐఐటీకి రాయాలనిపిస్తే ఇంటర్‌లో రెండేళ్లు ఉన్నాయి. ఏపీలో ఇంటర్ కూడా 2025-26 నుంచి ఫస్టియర్‌కి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్‌లోకి మారింది. స్కూల్లో సైన్సు, లెక్కల పుస్తకాలు శ్రద్ధగా చదివిన పిల్లకి అక్కడ కొత్తగా భయపడాల్సిందేమీ ఉండదు.

ఇంకో పెద్ద సంగతుంది. మీ వారు లెక్కలేసే మనిషి కాబట్టి దీన్ని ఆయనకి చదివి వినిపించండి. రాష్ట్రంలో ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లవి. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, వరుసగా ఒకే లోకల్ ఏరియాలో చదివితే ఆ ఏరియాకి లోకల్ అవుతారు. ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియా. మీ పాప జూన్‌లో ఇక్కడ తొమ్మిదిలో చేరి ఇంటర్ కూడా ఈ ఐదు జిల్లాల్లోనే చదివితే ఆమె నిక్షేపంగా ఇక్కడి లోకల్. మీకు ట్రాన్స్‌ఫర్ ఇంతకంటే మంచి సమయంలో వచ్చేది కాదు. పదో తరగతి దాకా హైదరాబాద్‌లో ఉంచి, బెంగపెట్టుకుందని ఇంటర్‌కి ఇక్కడికి తెచ్చారనుకోండి, ఆ నాలుగేళ్ల వరుస ఇటూ ఉండదు, అటూ ఉండదు. చిక్కంతా అక్కడ వస్తుంది. ఇక్కడ పది చదివించి ఇంటర్‌కి విజయవాడ పంపినా ఇదే తంటా, విజయవాడ ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ఏరియాలోకి వస్తుంది. తిరుపతో నెల్లూరో పంపితే ఇబ్బంది లేదు. కార్పొరేట్ కాలేజీ పీఆర్వోలు ఇంటికొచ్చి గంటసేపు మాట్లాడతారు గానీ ఈ మాట మాత్రం చెప్పరు.

ప్రభుత్వ ఉద్యోగాలకి లోకల్ లెక్క వేరు. దానికి నాలుగు నుంచి పదో తరగతి వరకు ఎక్కడ చదివారో చూస్తారు. కాబట్టి హైదరాబాద్ స్కూలు నుంచి పాపకి నాలుగు నుంచి ఎనిమిది వరకు, బాబుకి నాలుగో తరగతికి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసుకోండి. పదేళ్ల తర్వాత ఆ స్కూలు పేరు మారుతుందో, మూతే పడుతుందో ఎవరికి తెలుసు.

సీబీఎస్‌ఈనా స్టేటా అని అడిగారు. మీ పాప వరకూ తేల్చాల్సింది ఒక్కటే, తెలుగు ఎంత చదివింది? అక్కడ తెలుగు సెకండ్ లాంగ్వేజీగా బాగా చదివి ఉంటే స్టేట్‌కి మారినా ఫరవాలేదు. హిందీ పెట్టుకుని తెలుగు పేరుకి మాత్రమే చదివి ఉంటే, తొమ్మిదిలో ఒక్కసారిగా పద్యాలు, సంధులు, సమాసాలు, ఛందస్సు మీద పడతాయి. పదిలో తెలుగు ఫస్ట్ లాంగ్వేజీ, వంద మార్కులు. లెక్కలు బాగా వచ్చే పిల్ల తెలుగు పరీక్ష రోజు ఏడవడం చూశాను. అలాంటప్పుడు సీబీఎస్‌ఈలోనే ఉంచండి. ఒక జాగ్రత్త చెప్తాను. సీబీఎస్‌ఈలో తొమ్మిదిలోనే బోర్డుకి రిజిస్ట్రేషన్ అయిపోతుంది, తొమ్మిదిలో తీసుకున్న సబ్జెక్టులే పదిలోనూ ఉంటాయి. మధ్యలో చేరితే, పదిలో చేరితే తలనొప్పి. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే చేర్చేస్తే ఈ గొడవే ఉండదు. బాబుకి ఐదో తరగతిలో ఏ సిలబస్ అన్నది పెద్ద విషయం కాదు, దాని గురించి మీరు ఒక్క రాత్రి నిద్ర కూడా పాడుచేసుకోనక్కర్లేదు. నవోదయ ఆలోచన ఉంటే మాత్రం, ఐదో తరగతి ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకే ఆరో తరగతి పరీక్ష రాయాలి. వాణ్ణి హైదరాబాద్‌లో అర్ధ సంవత్సరం ఉంచి దసరా తర్వాత తెచ్చే ఆలోచన అందుకే వద్దు.

ఇల్లు ముందా, స్కూలు ముందా అంటే, స్కూలే. బ్యాంకు ఎక్కడున్నా మీ వారు స్కూటర్ మీద పోతారు, ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి పెద్ద దూరం కాదు. పిల్లల సంగతి అలా కాదు. పెద్ద పెద్ద క్యాంపస్‌లన్నీ ఊరి బయట రోడ్ల మీద కట్టారు. ఫోటోల్లో పచ్చిక బాగుంటుంది. బస్సు సాయినగర్, రామ్‌నగర్, రుద్రంపేట అన్నీ తిప్పుకుంటూ పోయేసరికి మొదట ఎక్కిన పిల్ల గంటసేపు కూర్చోవాలి. మార్చి, ఏప్రిల్ ఎండల్లో ఒంటిపూట బడి అయ్యాక మిట్టమధ్యాహ్నం ఆ బస్సులో తిరిగి రావడం ఎట్లుంటుందో ఒకసారి ఊహించుకోండి. మా ఎండ మీరింకా చూడలేదు. నడిచో సైకిల్ మీదో పోయే దూరంలో ఒక మోస్తరు స్కూలున్నా, దూరంలో ఉన్న గొప్ప స్కూలు కంటే అదే మేలని నా అభిప్రాయం.

స్కూలు చూడ్డానికి వస్తే రిసెప్షన్‌లో సోఫా మీద కూర్చుని బ్రోచర్ తిరగేయకండి. మీరు చూడబోయే ఇంటి వీధిలోనే ఆ స్కూలు పిల్లలు ఉంటారు. ఒక పిల్ల లెక్కల నోటు, ఇంకో పిల్ల సైన్సు నోటు అడిగి తీసుకోండి. ఇద్దరు పిల్లల సైన్సు నోటుల్లో ఒకే జవాబు అక్షరం పొల్లుపోకుండా ఉందంటే బోర్డు మీద రాసి కాపీ కొట్టించారన్నమాట. ఎర్ర పెన్ను ఎక్కడుందో చూడండి. నేను చూసిన ఒక నోటులో పిల్లవాడు పొరపాటున ఒకే వాక్యం రెండుసార్లు రాశాడు, రెంటికీ కలిపి పెద్ద టిక్కు, కింద ‘గుడ్’. దిద్దిన వాళ్లు చదవలేదు. మంచి టీచరు నోటులో తప్పు లెక్క దగ్గర ఏ మెట్టులో తప్పు జరిగిందో అక్కడే సున్నా చుట్టి ఉంటుంది. ఆ తర్వాత ఆఫీసులో ఒక్కటే అడగండి, తొమ్మిదికి లెక్కలు ఎవరు చెప్తారు, ఎన్నాళ్ల నుంచి చెప్తున్నారు అని. ఆయన్ని కలుస్తాం అనండి. కుదరదన్నారంటే మీ పని అక్కడితో అయిపోయింది, ఇంకో స్కూలుకి పోండి. వచ్చేటప్పుడు బాత్‌రూములు చూడడం మర్చిపోకండి, ఆడపిల్ల ఉంది.

కాగితాల దగ్గర జాగ్రత్త. పాపకి టీసీ, బాబుకి రికార్డ్ షీట్ తీసుకునేటప్పుడు పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఇద్దరి పెన్ నంబర్లూ (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత నంబరు) రాయించుకోండి. స్కూళ్ల, విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ యూడైస్ పోర్టల్‌లో పాత స్కూలు వాళ్లు పిల్లల్ని డ్రాప్ బాక్సులో పెడితేనే, అంటే మా దగ్గర్నుంచి వెళ్లిపోయారని చూపిస్తేనే, కొత్త స్కూలు వాళ్లు తమ ఖాతాలోకి తీసుకోగలరు. దీన్ని చాలామంది మర్చిపోయి ఆగస్టులో హైదరాబాద్‌కి ఫోన్లు చేస్తుంటారు. రాష్ట్రం మారుతున్నారు కాబట్టి కొన్ని స్కూళ్లు టీసీ మీద విద్యాశాఖ అధికారి కౌంటర్ సంతకం అడుగుతాయి, అక్కడున్నప్పుడే అడిగి పెట్టించుకుంటే మళ్లీ ప్రయాణం తప్పుతుంది. ఎనిమిదో తరగతి వరకు పిల్లలకి అడ్మిషన్ కోసం ఎంట్రన్స్ టెస్ట్ పెట్టకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. బాబు విషయంలో ఎవరైనా పరీక్ష పేరెత్తితే ఈ మాట నెమ్మదిగా గుర్తు చేయండి.

పిల్లలు కొత్తలో కొంచెం ఇబ్బంది పడతారు. మా పిల్లలు మాటకి ముందు ‘ఏమప్పా’ అంటారు, మీ పిల్లల హైదరాబాద్ యాస విని నవ్వుతారు. దసరా సెలవులకి మీ వాడు అమ్మమ్మ ఇంటికి పోయి అక్కడ ‘ఏమప్పా’ అంటాడు, అప్పుడు నవ్వడం మీ వంతు. పాపకి ఇంకాస్త ఎక్కువ రోజులు పట్టొచ్చు, స్నేహితురాళ్లని వదిలి వస్తోంది కదా. ఆ మూడు నెలలూ మార్కుల గురించి ఎత్తకండి. మొదటి పరీక్షలో తగ్గితే ‘అందుకే హైదరాబాద్‌లో ఉంచుదామన్నాను’ అనే మాట మీ వారి నోట్లోంచి రాకుండా చూసుకునే బాధ్యత మాత్రం మీదే.

ఏప్రిల్ మూడో వారం లోపు రెండు రోజులు వీలు చేసుకుని నలుగురూ రండి. ఆ తర్వాత ఎండాకాలం సెలవులు, ఆఫీసులో ఫీజు చెప్పేవాళ్లు ఉంటారు గానీ టీచర్లు దొరకరు. రెండు మూడు స్కూళ్లు మీరు ఏరి పెట్టండి, అందులో ఏది కావాలో పాపను చెప్పనివ్వండి. ఒంటిపూట బడులు కాబట్టి పొద్దున ఎనిమిదికల్లా స్కూల్లో ఉంటే మంచిది.