ఎస్‌యూ కార్బొరేటర్లు పీకేయకండి, ముందు డాష్‌పాట్ చూడండి

మీ ఎంజీబీ కారు ఐడిల్‌లో బాగానే ఉంటూ, యాక్సిలరేటర్ గట్టిగా నొక్కగానే తడబడుతోందని, అందుకే జంట ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బొరేటర్లు (గాలి, పెట్రోలు కలిపి ఇంజిన్‌కు అందించేవి) తీసేసి వెబర్ 45 కార్బొరేటర్ పెట్టాలనుకుంటున్నారని రాశారు. తొందరపడకండి. రోజువారీగా నడిపే మామూలు 1798 సీసీ ఇంజిన్‌కు ఎస్‌యూలు చాలు. వెబర్ వస్తే కొత్త మ్యానిఫోల్డు (కార్బొరేటర్‌ను ఇంజిన్‌కు కలిపే గొట్టాల భాగం), జెట్ల (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాల) ఎంపిక కూడా మీ నెత్తినే పడతాయి.

నా అనుమానమంతా డాష్‌పాట్, అంటే కార్బొరేటర్ పైనున్న గిన్నె లాంటి భాగంలోని నూనె మీదే. అది ఎండిపోతే కార్బొరేటర్‌లోని పిస్టన్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, మిశ్రమం పలచబడి ఇంజిన్ తడబడుతుంది. మూత విప్పి ఎస్ఏఈ 20 నూనె పోయండి. మూతకు వేలాడే డంపర్ కడ్డీని తిరిగి దించుతుంటే, మూత మర డాష్‌పాట్ అంచుకు ఇంకా 6 మి.మీ. దూరంలో ఉండగానే చేతికి అడ్డు తగలాలి.

అప్పటికీ తగ్గకపోతే టాపెట్లు (వాల్వుల సందు), పాయింట్లు (ఇగ్నిషన్ కాంటాక్టులు), టైమింగ్ (స్పార్క్ వచ్చే సమయం) సరిచూశాకే కార్బొరేటర్ ముట్టుకోండి. థ్రాటిల్ స్పిండిల్ (గాలి తలుపును తిప్పే ఇరుసు) చివర్లలో కాస్త నూనె చుక్క వేయండి. ఐడిల్ మారితే అక్కడ గాలి దూరుతున్నట్టే. అది బాగు చేయకుండా ఎంత ట్యూన్ చేసినా దండగ.

ఇంజిన్ బాగా వేడెక్కాక రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని రెండు కార్బొరేటర్ల గాలి శబ్దం సమానం చేయండి. తర్వాత కార్బొరేటర్ పిస్టన్‌ను 0.8 మి.మీ. మాత్రమే ఎత్తండి. వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువ, ఇంజిన్ ఆగబోతే తక్కువ. క్షణం పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. కార్బొరేటర్ అడుగునున్న జెట్ నట్టు పైకి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, కిందికైతే పెరుగుతుంది. ఒకసారికి నట్టు ఒక్క ముఖం మేరకే తిప్పండి.