రేకు కొనే ముందు

చి॥ లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

బాలానగర్‌లో షెడ్డు తీసుకుని స్టెబిలైజర్లు తయారు చేయబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ తీగ చుట్టే ఉక్కు కోర్‌కు పేర్చే రేకును నువ్వే కొలిచి ఎంచుకుంటావట. గర్వంగా అనిపించింది, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

భయం దేనికంటే, కొలతలప్పుడు ముల్లు తిప్పి వోల్టేజీ మార్చే డిమ్మర్‌స్టాట్ దాన్ని తగ్గిస్తుందే కానీ మెయిన్స్ నుంచి వేరు చేయదు. ఫేజు, న్యూట్రల్ తారుమారైతే ముల్లు సున్నా దగ్గరున్నా తీగ ప్రాణం తీస్తుంది. ముందు అలా వేరు చేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకుండా, వోల్టేజీని తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోపు తగిలించావంటే నేనే వచ్చి ఫ్యూజు పీకేస్తాను.

రేకు మందం మైక్రోమీటరుతో చూడు. అంచుల్లో కోతకు లేచిన గరుకు, అదే బర్, ఉంటే వెనక్కి పంపు. కొలిచే ముందు వోల్టేజీ పెంచి, మెల్లగా సున్నాకు దించి, మిగిలిన అయస్కాంతత్వం పోగొట్టు. ఇవన్నీ కాలేజీలోనే చెప్పి ఉంటారు.

అక్కడ చెప్పనిది ఇది. నేను పనిచేసిన ఒకచోట కొనుగోళ్లు చూసే పెద్దమనిషి సీఆర్‌జీవో రేకు, అంటే మిల్లులో సాగదీసిన (రోలింగ్) దిశలో అయస్కాంతత్వం తేలిగ్గా పట్టే ఉక్కు, తెప్పించి, పట్టీలు పేర్చి నష్టం కొలిచే ఎప్‌స్టీన్ ఫ్రేము రిపోర్టు అందరికీ చూపించాడు. 1.5 టెస్లా అయస్కాంత తీవ్రత దగ్గర నష్టం, అంటే రేకులో వేడిగా పోయే శక్తి, ముచ్చటగా తక్కువ. ఉండదా మరి? ఆ పట్టీలు రోలింగ్ దిశలోనే కోసినవి, కోత ఒత్తిడి పోయేలా దాదాపు 800 డిగ్రీల దగ్గర నైట్రోజన్‌లో అనీల్ చేసినవి. మాకు వచ్చినవి ప్రెస్సులో కొట్టి, అనీల్ చేయకుండా పంపిన, ఇంగ్లీషు E, I అక్షరాల ఆకారపు ఈ-ఐ స్టాంపింగులు. పైగా ఈ-ఐలో అయస్కాంత ప్రవాహం, అదే ఫ్లక్సు, కాళ్లలో రోలింగ్ దిశనే పోయినా వెన్నులో అడ్డం తిరుగుతుంది. ఆ రకం రేకుకు అడ్డదిశలో నష్టం చాలా ఎక్కువ. లోడు లేకుండానే కోర్ చేయి పెట్టలేనంత వేడెక్కింది, గుయ్‌మని మోత. సరుకు తిరిగొచ్చింది. నింద వైండింగు మీద వేసి, చుట్టిన కుర్రాణ్ణి పనిలోంచి తీసేశారు. లోపం రేకుదని తేలాక కూడా వాణ్ణి పిలవలేదు. ఆ పెద్దమనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే.

అందుకే తల్లీ, నువ్వు వాడబోయే స్టాంపింగులనే, వాడబోయే బిగింపుతోనే పేర్చి కొలువు. ప్రైమరీ కరెంటును చిన్న రెసిస్టరు మీద, సెకండరీ వోల్టేజీని రెసిస్టరు, కెపాసిటరు కలిపిన ఆర్‌సీ ఇంటిగ్రేటరు ద్వారా స్కోపుకు ఇస్తే కోర్ అయస్కాంతత్వం ఎక్కి దిగే లూపు కనిపిస్తుంది. దాని వైశాల్యమే ఒక్కో సైకిల్‌లో వృథా అయ్యే శక్తి. కోర్ ఇక అయస్కాంతత్వం పట్టలేక లూపు ఎక్కడ వంగుతోందో గుర్తు పెట్టుకో. నీ స్టెబిలైజరు 260 వోల్టుల దగ్గరా బతకాలి కాబట్టి 230కే ఆ వంపు అంచున నిలబెట్టకు.

పాత ట్రాన్స్‌ఫార్మర్లు విప్పిన రేకు చవకగా వస్తుందని ఎవరైనా అంటే నా దగ్గరకు పంపు. వంగి, పూత లేచిన రేకుకు నష్టం పెరుగుతుంది.

లోడు లేనప్పుడు పవర్ ఫ్యాక్టర్, అంటే కరెంటులో నిజంగా ఖర్చయ్యే వంతు, బాగా తక్కువ, మామూలు వాట్‌మీటరు సరిగ్గా చూపదు. అందుకు తగినది నా దగ్గరుంది, ఆదివారం మీ నాన్నతో పంపుతున్నాను. మొదటి రీడింగులు ఫోనులో చదివి వినిపించు, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే.

మీ పెదనాన్న