‘చింకీ’, ‘సంకరజాతి’: అనవచ్చా?

సందేహం: మా వారిది గుంటూరు, నాది ఇంఫాల్. బడిలో మా అబ్బాయిని ‘చింకీ’ అంటున్నారు. దగ్గరి బంధువొకరు ‘సంకరజాతి బిడ్డ’ అన్నారు. అడిగితే, అది సంస్కృతమే, తిట్టు కాదన్నారు. ఇలాంటి పిల్లలను తెలుగులో ఏమనాలి?

సమాధానం: రెండూ అనకూడని మాటలే. కారణాలు మాత్రం వేరు.

తెలుగులో ‘చింకి’ అంటే చినిగినది: చింకి చాప, చింకి గుడ్డ. పిల్లల నోట వచ్చే ‘చింకీ’ అది కాదు. చైనావాళ్లను ఈసడించే ఇంగ్లిషు తిట్టు మన దేశంలో ఈశాన్యంవారి మీదికి మళ్లింది. తెలుగు చెవికి అందులో చిరుగు కూడా వినిపిస్తుంది గనక ఇక్కడ దాని గాటు రెట్టింపు. ‘సరదాకి అన్నాం’ అనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా చనిపోయింది అతని జుట్టును ఎగతాళి చేయడంతో మొదలైన గొడవలో తగిలిన దెబ్బలకే.

‘సంకరం’ అంటే కలగలుపు. అలంకారశాస్త్రంలో ఇది గౌరవమైన పదం. నువ్వులూ బియ్యమూ కలిపినట్టు అలంకారాలు విడివిడిగా కనిపిస్తే సంసృష్టి, పాలూ నీళ్లూ కలిసినట్టు విడదీయరాకుండా ఉంటే సంకరం. మీ బంధువు సంస్కృతమన్నది నిజమే. కానీ అదే సంస్కృతంలో, భగవద్గీత మొదటి అధ్యాయంలోనే, ‘వర్ణసంకరం’ కులధర్మాల నాశనానికి, నరకానికి దారి. నేటి వాడుకలో ‘సంకరజాతి’ తర్వాత వచ్చేది ఆవు, లేదా విత్తనం. మాటకు పుట్టుక ఒక్కటే అర్థం కాదు. అది ఎవరి పక్కన నిలబడుతోందో కూడా అర్థమే.

అనుమానం వస్తే ‘వారు’ చేర్చి చూడండి. తెలుగువారు, మణిపూర్‌వారు నిలబడతాయి. ‘చింకీవారు’ నోటికే రాదు. అయితే ఈ పరీక్ష అన్నిటినీ పట్టదు: ‘సంకరజాతివారు’ వ్యాకరణానికి సరిపోతుంది, అవమానం పోదు.

రాతలో ‘మిశ్రమ వారసత్వం’ సరైనదే. ‘వారసు’ అరబ్బీ నుంచి వచ్చింది, ‘త్వం’ సంస్కృత ప్రత్యయం. ఆ మాటే రెండింటి బిడ్డ! మాట్లాడేటప్పుడు మాత్రం బరువు. ‘వాళ్ల నాన్నది గుంటూరు, అమ్మది ఇంఫాల్’ చాలు. ‘సగం తెలుగు’ వద్దు, పిల్లవాడిని కొలిచినట్టుంటుంది. ‘మణిపురి’ రాష్ట్రాన్ని బట్టి వచ్చిన పేరు. మైతేయి, నాగా, కుకీ అక్కడి జనాల పేర్లు. మీరు మీవారిని ఏ పేరుతో చెప్పుకుంటారో ఇతరులూ అదే అనాలి.

దిద్దేటప్పుడు చాలామంది ‘వాడు చింకీ కాదు, మనవాడే’ అంటారు. అది పొరపాటు. ఆ మాట ఇంకొకరికి తగునని ఒప్పుకున్నట్టే. ‘ఆ మాట అనకు. వాడికి పేరుంది, పేరు పెట్టి పిలువు’ అనండి.